కర్ణభేరితో కుస్తీ: మధ్య చెవి మోడల్ కట్టిన నా అనుభవం

చెవిపొరకి పడిన చిల్లు దానంతట అది మానకపోతే ఈఎన్‌టీ డాక్టర్లు టింపనోప్లాస్టీ చేసి అతుకు వేస్తారు. ఎక్కువగా వాడేది కణత దగ్గర కండరం మీద ఉండే పల్చటి పొర, దాన్ని టెంపొరాలిస్ ఫేషియా అంటారు. చెవి మళ్లీ మళ్లీ కారేవాళ్లకి, పొర లోపలికి లాక్కుపోయేవాళ్లకి మాత్రం చెవి డొప్ప నుంచో, చెవి రంధ్రం ముందు ఉండే ట్రేగస్ నుంచో కాస్త మృదులాస్థి కోసి పెడతారు. అది గట్టిది, ఊరికే పాడవదు. కానీ అసలు కర్ణభేరి మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. ట్రేగస్ మృదులాస్థి దాదాపు ఒక మిల్లీమీటరు. అంత దళసరి ముక్క పెడితే శబ్దం లోపలికి పోతుందా? పల్చగా చెక్కి పెట్టాలంటే ఎంతవరకు చెక్కాలి?

హైదరాబాద్‌లో ఎంటెక్ చేస్తున్నప్పుడు మా గైడ్ సార్ నా ప్రాజెక్టుగా ఇచ్చింది ఈ ప్రశ్నే. ఆయనకి తెలిసిన ఒక ఈఎన్‌టీ సర్జన్ మేడమ్ అడిగారట. నేను మెకానికల్ వాణ్ని. వైబ్రేషన్స్ అంటే నాకు ఇంజన్ మౌంటింగ్‌లు, షాఫ్టులు, మహా అయితే వంతెనలు.

"సార్, బయాలజీ పదో తరగతితోనే వదిలేశాను" అన్నాను.

"చెవి నిన్ను బయాలజీ అడగదులేవయ్యా. స్ప్రింగు, మాసు, డాష్‌పాట్ వస్తే చాలు" అన్నారు. డాష్‌పాట్ అంటే ఘర్షణతో కదలికని నెమ్మదింపజేసే భాగం. ఆయన చెప్పింది సగం నిజం.

సాఫ్ట్‌వేర్ ముట్టుకోకముందు కాగితం మీద లెక్క వెయ్యమన్నారు. బయట గాలి, లోపల కాక్లియాలో, అంటే లోపలి చెవిలోని నత్తగుల్లలాంటి భాగంలో, ద్రవం. గాలిలో వచ్చిన శబ్దం నేరుగా ద్రవాన్ని తాకితే 99.9 శాతం శక్తి వెనక్కి తిరిగిపోతుంది. అంటే 30 డెసిబెల్స్ నష్టం. దాన్ని పూడ్చడానికే మధ్య చెవి. కర్ణభేరిలో పనికొచ్చే వైశాల్యం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు. మధ్య చెవిలోని మూడు చిన్న ఎముకల్లో చివరిది స్టేపిస్, కాక్లియా కిటికీలో కూర్చునే దాని అడుగుపలక 3.2. నిష్పత్తి 17. మిగతా రెండు ఎముకలు, మాలియస్, ఇంకస్, కలిసి లీవర్‌లా ఇంకో 1.3 రెట్లు ఇస్తాయి. గుణిస్తే 22 రెట్ల ఒత్తిడి, దాదాపు 27 డెసిబెల్స్. పోయినదంతా తిరిగి వచ్చేసినట్టే.

ఏ పాఠ్యపుస్తకం తీసినా ఈ 22 ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు భలే ముచ్చటేసింది. తర్వాత దాని మీద నమ్మకం పోయింది. ఎందుకంటే ఆ లెక్కలో కర్ణభేరి ఒక గట్టి పళ్లెంలా మొత్తం ఒక్కసారిగా ముందుకీ వెనక్కీ కదులుతుంది. 1970ల మొదట్లో టాన్‌డార్ఫ్, ఖన్నా హోలోగ్రఫీ పద్ధతిలో కర్ణభేరి కంపనాలని పట్టుకున్నారు. తక్కువ ఫ్రీక్వెన్సీల్లో పొర అంతా కలిసే కదులుతుంది గానీ, అప్పుడు కూడా మధ్యలోని మాలియస్ పిడి కంటే దాని పక్కల ఎక్కువ ఊగుతుంది. రెండు మూడు కిలోహెర్ట్జ్ దాటాక ఇక ఎక్కడికక్కడే: ఒక చోట ముందుకి, పక్కనే వెనక్కి. చనిపోయినవారి చెవుల్లో కొలిచిన ఒత్తిడి పెరుగుదల కూడా 1 కిలోహెర్ట్జ్ దగ్గర 20 డెసిబెల్స్‌కి కాస్త అటూ ఇటూ వచ్చి, అక్కణ్నుంచి తగ్గుతూ పోతుంది. ఈ తేడా పట్టుకోవాలంటే కర్ణభేరిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్క కట్టాల్సిందే.

అలా కట్టడం కొత్తేం కాదు. 1978లో మాంట్రియల్‌లో ఫనెల్, లాస్లో కలిసి పిల్లి కర్ణభేరికి ఫైనైట్ ఎలిమెంట్ మోడల్ చేశారు. మనిషి చెవికి 1992లో జపాన్‌లో వాడా బృందం చేసింది. అమెరికాలో ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో రాంగ్ గాన్ బృందం 2004లో ఇచ్చిన త్రీడీ మోడల్‌ని ఇప్పటికీ ఈ రంగంలో దిగే ప్రతివాడూ ముందు చదువుతాడు. ఇవన్నీ రాకముందే, 1962లో జ్విస్లాకి మధ్య చెవిని ఒక ఎలక్ట్రికల్ సర్క్యూట్‌గా గీశాడు. సార్ దాన్నే ముందు చెయ్యమన్నారు. ఈసీఈ చదివే మా రూమ్మేట్ సర్క్యూట్ చూసి "ఇది చెవేంట్రా, ఫిల్టర్ కదా" అన్నాడు. ఫిల్టరే. కింది ఫ్రీక్వెన్సీల్లో బిగువుదే పెత్తనం, పై ఫ్రీక్వెన్సీల్లో బరువుది, వెయ్యి హెర్ట్జ్ ప్రాంతంలో రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తర్వాత పెద్ద మోడల్‌లో ఏదైనా వింత కనిపించినప్పుడల్లా ఈ చిన్న సర్క్యూట్ దగ్గరికే వచ్చి సరిచూసుకునేవాణ్ని.

ఇక ఆకారం. ఆసుపత్రిలో తీసే సీటీ స్కాన్‌లో మధ్య చెవి ఎముకలు నాలుగైదు బూడిదరంగు చుక్కల్లా కనిపిస్తాయి, మోడల్‌కి పనికిరావు. అందుకని పరిశోధకులు అందరికీ అందుబాటులో ఉంచిన మైక్రో సీటీ డేటా తీసుకున్నాం. అందులో ఒక్కో పిక్సెల్ ఇరవై మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుంది. ఎముకలు చక్కగా తెల్లగా మెరుస్తాయి, సాఫ్ట్‌వేర్ ఇట్టే విడదీసేస్తుంది. కర్ణభేరి దగ్గరే మొదలవుతుంది టెన్షన్. మెత్తటి కణజాలం ఎక్స్‌రేకి పెద్దగా అడ్డుపడదు. పొర మొత్తం మూడు నాలుగు పిక్సెళ్లు. ఒక స్లైస్‌లో సన్నటి గీత కనిపిస్తుంది, తర్వాతి దానిలో మసకబారుతుంది, ఆ తర్వాతి దానిలో గాలిలో కలిసిపోతుంది. మళ్లీ ఎక్కడ తేలుతుందో చూసి, రెండింటి మధ్య మౌస్‌తో నేనే గీత గియ్యాలి. ఎముకల్ని గోడలకి కట్టి ఉంచే లిగమెంట్లదీ ఇదే బాధ. ఫాస్ఫోటంగ్‌స్టిక్ ఆసిడ్‌లో నానబెట్టిన శాంపిళ్లలో మెత్తటి భాగాలు బాగా కనిపిస్తాయి. అలాంటి స్కాన్ ఇంకొకటి పక్కన పెట్టుకుని, ఏ లిగమెంట్ ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుంటుందో చూసుకుంటూ గీశాను. మెడ నొప్పి, కళ్లమంట. ఇంట్లోవాళ్లు ఫోన్ చేసి "ఏం చేస్తున్నావురా" అంటే "చెవిపొర గీస్తున్నా" అని చెప్పడం మానేశాను. అది వాళ్లకి అర్థమయ్యేలా చెప్పేసరికి అన్నం చల్లారిపోయేది.

గీయడం సగంలో ఉండగా మేడమ్ టెంపొరల్ బోన్ ల్యాబ్‌కి రమ్మన్నారు. ఈఎన్‌టీ పీజీ విద్యార్థులు సర్జరీ నేర్చుకోవడానికి దానంగా వచ్చిన చెవి ఎముకల మీద డ్రిల్లింగ్ సాధన చేసే చోటు అది. నీళ్లు చిమ్ముతూ డ్రిల్ తిరుగుతుంటే తడి ఎముక పొడి వాసన. మేడమ్ మైక్రోస్కోప్ కింద ఇంకస్‌కీ స్టేపిస్‌కీ మధ్య కీలుని సన్నటి కొక్కెంతో విడదీసి, స్టేపిస్‌ని పైకి తీసి తన గ్లవ్ వేలి కొస మీద పెట్టారు.

"దగ్గరికి రా. కానీ ఊపిరి గట్టిగా వదలకు బాబూ, ఎగిరిపోతుంది."

రెండు సన్నటి కాళ్లు, కింద అడుగుపలక. పలక పొడవు మూడు మిల్లీమీటర్లు, వెడల్పు ఒకటిన్నర కూడా లేదు. మైక్రోస్కోప్ లైటు పడితే పలక గుండా అవతలి గ్లవ్ రంగు లీలగా కనిపించింది. మొత్తం బరువు 3 మిల్లీగ్రాములు, ఒక నువ్వుగింజంత. స్క్రీన్ మీద జూమ్ చేసి చేసి నాకు అది అరచెయ్యంత వస్తువుగా అలవాటైపోయింది. ఆ రోజు నుంచి మోడల్‌లో ఏ సంఖ్య వేసినా దాని సైజు తలుచుకోకుండా వెయ్యలేదు. మెకానికల్ వాళ్లెవరైనా ఈ పనిలోకి దిగితే సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఇలాంటి ల్యాబ్‌లో ఒక పూట గడపాలని నా అభిప్రాయం.

మెష్ (ఆకారాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టడం) గురించి ఎక్కువ చెప్పను, ఆ పని ఎవరైనా చేసేదే. ఎముకలకి నాలుగు ముఖాల టెట్రా ఎలిమెంట్లు, కర్ణభేరికి పల్చటి పలకల్లాంటి షెల్ ఎలిమెంట్లు. పొర మందం 0.074 మిల్లీమీటర్లు తీసుకున్నాం, చాలా పేపర్లలో వాడేదే. నిజంగా అది అన్ని చోట్లా ఒకేలా ఉండదు. కాక్లియా మొత్తాన్ని కట్టకుండా, స్టేపిస్ అడుగున ఒక డాష్‌పాట్ పెట్టి సరిపెట్టాం. ద్రవం ఇచ్చే అడ్డు ఎక్కువగా ఘర్షణలాంటిదే కాబట్టి అది ఒప్పుకోదగ్గ సర్దుబాటు. కాలేజీలో సాల్వర్ లైసెన్సులు తక్కువ, వాడేవాళ్లు ఎక్కువ. రాత్రి పన్నెండు దాటాక రన్ పెట్టి, పొద్దున్నే వచ్చి చూసుకునేవాణ్ని.

అసలు కుస్తీ మెటీరియల్ ప్రాపర్టీల దగ్గర. స్టీలు సంగతైతే హ్యాండ్‌బుక్ తీస్తే యంగ్స్ మాడ్యులస్ (పదార్థం ఎంత బిగువో చెప్పే అంకె) దొరుకుతుంది. కర్ణభేరికి? బెకెసీ, అదే 1961లో నోబెల్ అందుకున్నాయన, పొరలోంచి చిన్న పట్టీ కోసి వంచి చూసి 20 మెగాపాస్కల్స్ అన్నాడు. కిరికే 1960లో పట్టీని 890 హెర్ట్జ్ దగ్గర నిలువునా కంపింపజేసి 40 అన్నాడు. ఒకదానికి ఇంకొకటి రెట్టింపు! ఇద్దరిదీ తప్పు కాదు. పొర మధ్యలో కొల్లాజెన్ పోగులు రెండు రకాలు: కేంద్రం నుంచి అంచుకి పోయేవి, చుట్టూ తిరిగేవి. కోసిన దిశని బట్టి, లాగిన వేగాన్ని బట్టి అంకె మారుతుంది. లిగమెంట్ల పరిస్థితి ఇంకా అన్యాయం. ఒక పేపర్‌లో అంకె ఎక్కణ్నుంచి వచ్చిందా అని చూస్తే వెనకటి పేపర్ చూపిస్తుంది, అది ఇంకో వెనకటిది చూపిస్తుంది. చివరికి తేలేది ఏమిటంటే, ఎవరో ఒకరు తమ మోడల్ గ్రాఫ్ సరిపోయేలా ఆ అంకె ఎంచుకున్నారని. కొలిచింది కాదు, కుదిర్చింది.

సరిచూసుకోవడానికి మేం తీసుకున్నవి ప్రచురితమైన లేజర్ వైబ్రోమీటర్ కొలతలు. కర్ణభేరి మధ్యలో కొనదేలిన చోటుని అంబో అంటారు. అక్కడ కాంతిని వెనక్కి తిప్పే సన్నటి గాజుపూసలు అంటించి, చెవి కాలువలోకి 90 డెసిబెల్స్ శబ్దం పంపి, లేజర్‌తో కదలిక కొలుస్తారు. తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఆ కదలిక సుమారు 0.1 మైక్రాన్. సరదాకి ఒక లెక్క వేశాను: కదలిక శబ్దంతో పాటే అదే నిష్పత్తిలో తగ్గుతుంది కాబట్టి, 0 డెసిబెల్స్ దగ్గర, అంటే మనకి వినపడే అంచు దగ్గర, అది 3 పికోమీటర్ల ప్రాంతంలోకి దిగుతుంది. హైడ్రోజన్ పరమాణువు వ్యాసం వంద పికోమీటర్ల పైనే. ఈ అంకె చూశాక కాసేపు పని ముట్టలేదు, ఊరికే కూర్చున్నాను.

మా గ్రాఫ్ ఆ కొలతల్లో పడింది. అయితే సంబరపడ్డానికేం లేదు, ఎందుకంటే ఒక చెవికీ ఇంకో చెవికీ మధ్యే పది డెసిబెల్స్ పైన తేడా ఉంటుంది. అంత వెడల్పైన దారిలో ఏ బండైనా పడుతుంది. సార్ అది పట్టుకున్నారు. కర్ణభేరిని 20 మెగాపాస్కల్స్ చేసి, స్టేపిస్ చుట్టూ ఉండే యాన్యులర్ లిగమెంట్ బిగించమన్నారు. సరిపోయింది. ఇప్పుడు 40 చేసి, లిగమెంట్ వదులు చెయ్యమన్నారు. అదీ సరిపోయింది.

"ఇప్పుడు చెప్పు, ఏది నిజం చెవి?"

"రెండూ సరిపోతున్నాయి కదా సార్."

"అందుకే అడుగుతున్నా."

ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు. ఆ రెండింటినీ పారెయ్యకుండా రెండింటినీ ఉంచుకోవడమే మా ప్రాజెక్టుకి ప్రాణం పోసిందని నేననుకుంటాను. మృదులాస్థి ముక్క పెట్టి చేసిన ప్రతి రన్‌నీ రెండు మోడళ్లలోనూ చేశాం. ముందు ఎంత, తర్వాత ఎంత అని తీసివేశాం. రెండు మోడళ్లూ ఒకే మాట చెప్పిన చోట నమ్మాం. రెండూ కొట్టుకున్న చోట నోరు మూసుకున్నాం. 3 కిలోహెర్ట్జ్ పైన బాగా కొట్టుకున్నాయి, అందుకని థీసిస్‌లో ఆపైన ఏమీ రాయలేదు. "మీ మోడల్ ప్రకారం ఈ పేషెంటుకి ఎన్ని డెసిబెల్స్ వినపడుతుంది" అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. "ఇది పెడితే మేలా, అది పెడితే మేలా" అంటే ఉంది.

ఆ జవాబులో సగం కాగితం మీదే వస్తుంది. పలక వంగుడికిచ్చే బిగువు మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మృదులాస్థి మాడ్యులస్ 3 మెగాపాస్కల్స్ ప్రాంతంలో ఉంటుంది. కర్ణభేరికి ఆ 20కీ 40కీ మధ్య 30 వేసుకుంటే, ఒక మిల్లీమీటరు మృదులాస్థి వంగడంలో అసలు పొర కంటే దాదాపు 250 రెట్లు మొండిది. సగం మందానికి చెక్కితే 30 రెట్లకి దిగుతుంది, బరువూ సగమవుతుంది. ముప్పై రెట్లంటే అదీ భయంకరంగానే ఉంది కదా, మరి మృదులాస్థి పెట్టించుకున్నవాళ్లకి ఎలా వినిపిస్తోంది? ఇక్కడే కర్ణభేరి ఆకారం ఆదుకుంటుంది. అది చదునైన పొర కాదు, మధ్యలో లోపలికి దిగిన గరాటు. అలాంటి ఆకారం పీడనాన్ని వంగి మాత్రమే కాదు, పొర వెంబడి సాగీ మోస్తుంది. సాగుడు బిగువు మందంతో మామూలుగానే పెరుగుతుంది, ఘనంతో కాదు. ఆ లెక్కన ఒక మిల్లీమీటరు మృదులాస్థికీ అసలు పొరకీ పెద్ద తేడానే రాదు. మాడ్యులస్ తక్కువ, మందం ఎక్కువ, రెండూ సర్దుకుంటాయి. కాబట్టి ముక్క ఎంత దళసరి అన్నదొకటే కాదు, చదునుగా పెట్టారా, గరాటు వంపు వచ్చేలా పెట్టారా అన్నదీ ముఖ్యమే. మా రెండు మోడళ్లూ దీన్ని ఒప్పుకున్నాయి. ఒక మిల్లీమీటరు నుంచి సగానికి వచ్చినప్పుడు తక్కువ ఫ్రీక్వెన్సీల్లో బాగా మెరుగు కనిపించింది. అక్కణ్నుంచి ఇంకా పల్చన చేస్తే వచ్చే లాభం తగ్గుతూ పోయింది. జర్మనీలో జానర్ట్ బృందం 2000లో నిజం మృదులాస్థితో ప్రయోగాలు చేసి, అర మిల్లీమీటరు మంచి రాజీ అని చెప్పింది. మేం ఆ దారినే వేరే వైపు నుంచి వెళ్లి చేరాం.

ఫలితాలు పట్టుకుని మేడమ్ ఓపీ అయ్యేదాకా బయట కూర్చున్నాను. గ్రాఫులన్నీ ఓపిగ్గా చూశారు.

"బాగుంది. అర మిల్లీమీటరుకి చెక్కడం నాకు కష్టం కాదు, దానికి స్లైసర్ ఉంది. కానీ నేను మృదులాస్థి ఎందుకు పెడుతున్నానో తెలుసా? వీళ్ల యుస్టేషియన్ ట్యూబ్, మధ్య చెవిని ముక్కు వెనక భాగంతో కలిపే గొట్టం, సరిగా పనిచెయ్యదు. లోపల ఎప్పుడూ నెగటివ్ ప్రెషరే. పల్చటి ముక్క పెడితే ఏడాది తిరిగేసరికి లోపలికి లాక్కుపోతుంది. నీ అర మిల్లీమీటరు దాన్ని తట్టుకుంటుందా? అది చెప్పు నాకు."

మోడల్‌లో అది లేదు. 90 డెసిబెల్స్ శబ్దమంటే 0.63 పాస్కల్స్ ఒత్తిడి. మధ్య చెవిలో నెగటివ్ ప్రెషర్ మైనస్ 200 డెకాపాస్కల్స్ ఉన్న పేషెంట్లు ఆవిడకి రోజూ వస్తారు. అంటే 2000 పాస్కల్స్, మూడు వేల రెట్లు. ఆ బలానికి పొర కొలిచి చూడగలిగినంత జరుగుతుంది, దాని బిగువే మారిపోతుంది. కదలిక ఎప్పుడూ ఒత్తిడికి అదే నిష్పత్తిలో ఉంటుందనుకుని నేను కట్టిన లీనియర్ మోడల్ అక్కడ ఎందుకూ కొరగాదు. పైగా ఒత్తిడి నెలల తరబడి ఉంటే మృదులాస్థి మెల్లగా సాగుతుంది కూడా. ఆ సాగుడు ఎంతో తెలియాలంటే పేపర్లలో ఉన్న అంకెలు చాలవు, కొలవాల్సిందే.

ఎంటెక్ అయిపోయింది. ఇప్పుడు అదే గైడ్ దగ్గర పీహెచ్‌డీలో చేస్తున్న పని ఇదే. సర్జరీలో మిగిలిపోయే ట్రేగస్ ముక్కల్ని పేషెంట్ల ఒప్పుకోలుతో తీసుకోవడానికి ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చింది. మేడమ్ వాటిని సెలైన్‌లో పెట్టి అదే రోజు పంపిస్తానన్నారు. మా ల్యాబ్‌లో ఉన్న టెస్టింగ్ మెషీన్ దవడలు స్టీలు రాడ్లు పట్టుకోవడానికి చేసినవి, ఈ ముక్కలు వాటి మధ్య నుజ్జయిపోతాయి. అందుకని వర్క్‌షాప్‌లో చిన్న క్లాంపులు చేయిస్తున్నాం. మొదటి జత పళ్లు మరీ పదునుగా వచ్చాయి, వాటిని అరగదీయమని తిరిగి ఇచ్చి వచ్చాను.